బీర్ సిద్ర దగ్గర మదార్బీ

మదార్బీ ఎవరినీ ఏదీ అడగదు. ఆమెను గురించి చెప్పాలంటే ముందు ఆ మాటే చెప్పాలి. తక్కినవన్నీ దాని వెనకాల నడిచొచ్చేవే.

రాయచోటి తట్టు పల్లెలో, దూదేకుల ఇంట్లో పుట్టింది. ఐదో తరగతి దాకా చదివింది. పదహారో ఎక్కం తప్పు పోకుండా అప్పజెప్పి అయ్యవారి చేత కొత్త పలక అందుకుంది. ఆ పూట బళ్లో మగపిల్లకాయలంతా తలలు వంచుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటుంది. జెద్దాకు వచ్చి ఇరవై ఏళ్లు కావస్తోంది. దిగిన మొదటి ఇంట్లోనే ఉంది. ఇన్నేళ్లు ఇల్లు మారని పనిమనిషిని ఆ వీధిలో ఇంకొకరిని చూపించమనండి చూద్దాం. ఆ ఇంటి పిల్లలు నలుగురిని చేతుల మీద పెంచింది. ఇద్దరి పెళ్లిళ్లకు వంటశాల తన మాట మీద నడిపింది. అరబ్బీ మాట్లాడడమే కాదు, అంగళ్ల బోర్డులూ మందు సీసాల మీది రాతలూ చూసి చూసి చదవడం కూడా నేర్చింది. హజ్ చేసింది. ఊళ్లో మిద్దె కట్టింది. కూతురు హసీనాను టీచరమ్మను చేసింది. మసీదు దగ్గర బోరు వేయించింది. బోరు గట్టు మీద పేరు రాయిస్తామని పెద్దలంటే వద్దంది. వాళ్లు నిజంగానే రాయకపోతే కొంచెం నొచ్చుకుంది కూడా.

వీటిల్లో ఒక్కటీ అడిగి తెచ్చుకున్నది కాదు. "అడిగితే ఇస్తారు మే. ఇచ్చి, గుర్తు పెట్టుకుంటారు" అని తోటి పనివాళ్లకు బుద్ధి చెప్పేది. జ్వరమొచ్చినా మాత్ర అడగలేదు. పండక్కి కొత్త బట్ట అడగలేదు. ఇంటావిడే చూసి ఇస్తే తీసుకునేది, అదీ రెండుసార్లు వద్దన్న తర్వాత.

అట్లాంటి మనిషికి ఈ చలికాలం అడగక తప్పని మాట ఒకటి వచ్చి పడింది.

ఆ ఇంటాయన పేరు ఫారూఖ్. ఓడరేవులో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయినవాడు. ఆయనకు యుద్ధాలంటే పిచ్చి. తుపాకీ ఎన్నడూ పట్టలేదు గానీ, ఏ యుద్ధంలో ఎవరి గుర్రం ఎటు తిరిగిందో చెప్పమంటే అన్నం మానేసి చెబుతాడు. ఉద్యోగం వదిలిన ఏడాదికే ఒక ఇల్లుబండి కొన్నాడు. బస్సంత పొడుగు లేదు, వ్యానంత పొట్టీ కాదు. లోపల రెండు పరుపులు, పొయ్యి, చేతులు కడిగే తొట్టి, నిలబడితే మోచేతులు గోడలకు తగిలే స్నానాల గది. దాన్ని వేసుకుని యుద్ధాలు జరిగిన చోట్లన్నీ చూసి రావాలని ఆయన కోరిక.

"ముందు నీ మోకాళ్లతో యుద్ధం గెలువు" అంది భార్య సురయ్యా. "మెట్లు దిగడానికి అల్లాను తలుచుకునేవాడివి, కోటలెక్కుతావా?"

"కోటలు మదార్ ఎక్కుతుంది. నేను కింద నిలబడి చెబుతాను."

"ఆమె ఎందుకెక్కుతుంది? ఆమెకేమన్నా పనిలేదా?"

మదార్బీ నవ్వింది. ఇక్కడి ఇళ్లల్లో పనివాళ్లు యజమానిని బాబా అనీ, ఇంటావిడని మామా అనీ పిలవడం రివాజు. తనకంటే పదేళ్లు చిన్నదాన్ని పట్టుకుని మామా అని పిలవడానికి మొదట్లో మదార్బీకి నోరు తిరగలేదు. ఊళ్లో మామ అంటే మీసాలుండే మనిషి. ఇప్పుడు ఆ మాటలో ఏమీ లేదు. నీళ్లు అన్నట్టే, ఉప్పు అన్నట్టే.

ఫారూఖ్ భోజనాల బల్ల మీద పటం పరిచి పెన్సిలుతో గీత గీశాడు. జెద్దా నుంచి బద్ర్. బద్ర్ నుంచి మదీనా, అక్కడ ఉహద్ కొండ. మదీనా నుంచి ఖైబర్ కోటలు. అక్కణ్ణుంచి ఎడారిలో పడి, తుర్కుల కాలం నాటి పాత రైలుస్టేషన్లు. చివరికి అల్ ఉలా. తిరిగొచ్చేటప్పుడు సముద్రం ఒడ్డు రోడ్డు. మదార్బీ టీ గ్లాసులు పెడుతూ ఆ గీతను చూసింది. మదీనాకూ ఖైబర్‌కూ నడుమ, గీత కింద సగం నలిగిపోయి ఒక ఊరి పేరుంది. బీర్ సిద్ర.

ఆమె ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని మళ్లీ చదివింది. తప్పు చదవలేదు.

బీర్ సిద్రలో మదార్బీ మొగుడున్నాడు. మట్టిలో.

పేరు దస్తగిరి. నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. ఆమె కంటే ముందు ఈ దేశానికి వచ్చింది ఆయనే. బీర్ సిద్ర దగ్గర బండి బోల్తా పడి పోయాడు. శవం పంపాలంటే నెలలు పడుతుంది, అక్కడే ఖననం చేయడానికి ఒప్పుకోండి అని కంపెనీ వాళ్లు కబురు చేస్తే, మండలాఫీసులో కాగితం మీద మదార్బీ సంతకం పెట్టింది. వేలిముద్ర కాదు, సంతకం. పూర్తి పేరు, దీర్ఘాలు ఎక్కడా తప్పకుండా. "చక్కని దస్తూరి అమ్మా నీది" అన్నాడు అక్కడి గుమాస్తా. ఆ రోజు మొత్తంలో ఆమెకు బాగా గుర్తున్నది ఆ మాటే.

ఆ మరుసటేడు ఆమే జెద్దాకు వచ్చింది. మొగుడు పోయినదాన్నని ఏజెంటుకు చెప్పింది. యాడ పోయినాడు అని ఏజెంటు అడగలేదు. తర్వాత ఇంటివాళ్లూ అడగలేదు. హిందూస్తాన్‌లోనే పోయుంటాడనుకున్నారు. అడగనిది మదార్బీ ఎందుకు చెబుతుంది? మొదటి ఏడాది ఎట్లయినా పోయి చూసి రావాలనుకుంది. జెద్దా నుంచి పట్టుమని ఒక్క రోజు దారి కూడా లేదు. ఇంటి గడప దాటాలంటే మనిషి తోడు కావలసిన పనిమనిషికి ఒక్క రోజు దారైనా ఒకటే, చందమామైనా ఒకటే. తర్వాత ఆ ఇంట్లో చిన్నవాళ్లిద్దరూ పుట్టారు, అందరూ పెరిగారు. మిద్దె లేచింది. బోరు పడింది. ఒక్కొక్క ఏడూ ఒక్కొక్క ఇటుకలాగ పైన పడి, ఆ కోరిక అడుక్కు పోయింది. ఇప్పుడు పటం మీద పేరు చూసినా గుండె కొట్టుకోలేదు. టీ చల్లారుతుందేమో అని మాత్రం అనిపించింది.

ఆ మట్టి చేసినవాళ్లలో వాళ్ల ఊరి షరీఫ్ ఉన్నాడు. దస్తగిరితో పాటే ట్యాంకర్లు నడిపినవాడు. ఊరికి పోయే ముందు జెద్దా వచ్చి, గేటు బయట నిలబడి చెప్పిపోయాడు. "రోడ్డు పక్కనే అక్కా. మోకాలెత్తు గోడ. పేర్లుండవు, తలకాడ ఒక రాయి, కాళ్లకాడ ఒక రాయి. మనోనికి దగ్గర్లో వంకర తుమ్మచెట్టు ఒకటుంది. సబ్జా చల్లినా. కావలివాడు తిట్టినాడు, ఇక్కడ ఇట్లాంటివి చేయకూడదంట."

వాళ్ల పల్లెలో సమాధి మీద సబ్జా చల్లడం ఆనవాయితీ. మొలిచి పచ్చగా పాకితే లోపలి మనిషి చల్లగా ఉంటాడని. ఎండి, గింజ రాలి, వానకు మళ్లీ అదే మొలుస్తుంది. మళ్లీ చల్లే పనుండదు. ఇక్కడ వానే లేదు. షరీఫ్ చల్లినవి ఆ వారమే మాడి ఉంటాయని మదార్బీకి తెలుసు.

ఇల్లుబండి మాట చెప్పగానే హసీనా ఫోనులో గట్టిగా ఊపిరి పీల్చింది. "మా, ఈసారి పోవాల. తాత సమాధి మీది గింజలు పంపిస్తా. అడుగు మా. ఒక్క మాట అడుగు."

"చూస్తాం లే."

"చూస్తాం లే కాదు. అడుగు."

మక్కాకు ఉమ్రా యాత్రకు వచ్చిన ఊరివాళ్ల చేత గింజలు వచ్చాయి, చిన్న స్టీలు డబ్బాలో. ఇల్లుబండిలో ఆమె పెట్టె బయటి అరలోకి పోయింది. దగ్గరుండవలసింది గనక, ఆ డబ్బాను పొయ్యి పైనుండే చిన్న బీరువాలో, మిరియాల పక్కన పెట్టుకుంది.

బయల్దేరారు. ఫారూఖ్ తనే నడిపాడు. బద్ర్‌లో బండి ఆపి, ఎవరు ఎటు నుంచి వచ్చారో, బావులు ఎటున్నాయో, గాలి ఎటు వీచిందో చేతులు తిప్పుతూ చెప్పాడు. మదార్బీ తల ఊపింది. లోపల ఉల్లిగడ్డలు వేగుతున్నాయి. ఆ వాసన బట్టి ఎన్ని మాటల్లో ఆయన ముగించాలో లెక్క కట్టుకుంటూ నిలబడింది. ఉల్లిగడ్డ మాడలేదు. ఎప్పుడూ మాడలేదు.

ఉహద్ దగ్గర, ఆ యుద్ధంలో అమరులైన షహీదుల ఖననవాటికకు చుట్టూ ఊచల కంచె. ఆడవాళ్లు ఇవతలే నిలబడ్డారు. ఈ దేశంలో ఆడవాళ్లు సమాధుల మధ్యకు అడుగు పెట్టరు. సురయ్యా ఊచ పట్టుకుని, "మనకు ఇంతవరకే, మదార్" అంది. అవతల చదునైన మట్టి. ఎక్కడ ఎవరున్నారో చెప్పే గుర్తు లేదు. అంత గొప్పవాళ్లకే గుర్తులు లేవు, నీళ్ల ట్యాంకరు దస్తగిరికి ఎవరు పెడతారు అనుకుంది మదార్బీ. అనుకుని, సురయ్యా నెత్తిన గొడుగు సరిచేసింది.

మరునాడు పొద్దున ఖైబర్ దారి పట్టారు. మదార్బీ రాత్రే తీర్మానం చేసుకుంది. బోర్డు కనబడగానే చెప్పాలి. అడగడం కాదు, చెప్పడం. బాబా, ఇక్కడ ఒక్క నిమిషం. అంతే. నాలుక మీద ఆ మాట పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది.

నల్లరాళ్ల నేల మొదలైంది. ఒంటెలు దాటాయి. బోర్డు వచ్చింది. బీర్ సిద్ర.

"మదార్, టీ ఉందా?" అని సురయ్యా అడిగింది.

మదార్బీ లేచింది. ఫ్లాస్కు తీసింది. గ్లాసు పట్టుకుని పోస్తుంటే కిటికీలో పెట్రోలు బంకు వచ్చింది, పొట్టి మినారు వచ్చింది, తర్వాత మోకాలెత్తు గోడ వచ్చింది. గోడ లోపల రాళ్లు. గోధుమరంగు రాళ్లు, గోధుమరంగు నేల మీద. తుమ్మచెట్టు ఆమెకు కనబడలేదు. గ్లాసు నిండేసరికి గోడ అయిపోయింది.

టీ ఒక్క చుక్క ఒలకలేదు. పరుగెత్తే బండిలో నిలబడి, చుక్క ఒలకకుండా టీ పోయడం మదార్బీకే చెల్లింది.

గ్లాసు అందించి కూర్చుంది. ఈ దారిన మళ్లీ రారు. గీత ఆమె చూసిందే. ఏడుపు వస్తుందేమో అని కాసేపు చూసింది. రాలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లి చూసుకుంటామే, అట్లా లోపల ఎక్కడో గిల్లి చూసుకుంది. తెలియలేదు.

ఖైబర్‌లో పాడుబడ్డ కోట కింద బండి ఆగింది. ఫారూఖ్ చెబుతూనే ఉన్నాడు. హసీనా ఫోను వచ్చింది.

"మా, పోయినావా? చల్లినావా?"

"యాడ మే. బండి నిలపలేదు."

"నిలపమని అడిగినావా?"

మదార్బీ కోట వైపు చూసింది. కోట గోడలో ఒక పావురం గూడుంది.

"అడగలేదు కదా" అంది హసీనా. గొంతు పెంచలేదు. టీచరమ్మ, గొంతు పెంచకుండా తిట్టడం తెలుసు. "నీకు అడగడం చేతగాదు మా. నాయిన ఆ దేశానికి పోతానన్న నాడు గూడా నువ్వు అడగలేదు. వద్దు, ఉండు అని ఒక్క మాట అనలేదు. బట్టలు సర్ది ఇచ్చినావు. నేను చూస్తానే ఉన్న్యా."

"చిక్కుడుకాయ ధర ఎట్లుంది ఆడ?" అంది మదార్బీ.

హసీనా ఫోను పెట్టేసింది.

ఆ రాత్రి ఖైబర్‌లోనే నిలిపి, తెల్లవారి రైలుస్టేషను చేరారు. రోడ్డు వదిలి మట్టిబాటన చాలాసేపు పోతే వచ్చింది. కట్టిన రాయి కట్టినట్టే ఉంది, పైకప్పు మాత్రం పోయింది. ఇసుకలో ఒక రైలింజను ఒక పక్కకు ఒరిగి, తుప్పెక్కి, పొట్ట పగిలి పడుంది. పట్టాలు లేవు. నూరేళ్ల కిందటి పెద్ద యుద్ధంలో ఈ దారంతా పట్టాలు పేల్చేశారని, స్టేషన్లలో కావలి ఉన్న తుర్కు సిపాయిలు నీళ్లందక, తిండందక ఇక్కడే పోయారని ఫారూఖ్ చెప్పాడు. స్టేషను వెనకాల రాళ్ల కుప్పలు వరసగా ఉన్నాయి. అవి వాళ్ల సమాధులే అయుంటాయన్నాడు.

చలికాలమే అయినా మిట్టమధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది. మదార్బీ ఇంజను నీడలో చాప పరిచి వచ్చేసరికి, సురయ్యా బండిలోంచి పెద్ద స్టీలు జగ్గుతో దిగింది.

"ఈ పూట నీకు సెలవు. షర్బతు నేనే చేశాను" అని గ్లాసుల్లో పోసింది.

నిమ్మరసం. అందులో నల్లటి కళ్లున్న చిన్న చిన్న ముత్యాలు తేలుతున్నాయి. నానిన సబ్జా గింజలు.

"బీరువాలో దొరికాయి, మిరియాల పక్కన. ఎప్పుడు తెచ్చావు మదార్, చెప్పనే లేదు! రమదాన్‌లో మా అమ్మ ఇట్లాగే చేసేది."

"ఊరి నుంచి వచ్చినాయి మామా."

"ఎంత బాగున్నాయో. ఇంకా ఉన్నాయా?"

"డబ్బా అంతా పోసినారా?"

"అంతా పోశాను. కొంచెమే ఉన్నాయిగా."

"అయితే అయిపోయినాయి" అంది మదార్బీ.

ఆమె కూడా తాగింది. ఇచ్చింది తాగకపోతే బాగుండదు. మామగారి సమాధి మీద పండి, సముద్రం దాటి, ఆయన కొడుకు కోసం వచ్చిన గింజలు నాలుక మీద జారాయి. చక్కెర సరిపోయింది. నిమ్మకాయ కొంచెం ఎక్కువైంది. ఆ రెండే తెలిశాయి.

ఫారూఖ్ గ్లాసు పట్టుకుని రాళ్ల కుప్పల దగ్గర నిలబడ్డాడు. "ఎక్కడి వాళ్లో. వాళ్ల ఊళ్లో వాన పడుతుంది, ఆపిల్ చెట్లుంటాయి. ఇక్కడికొచ్చి ఈ రాళ్ల కింద. వాళ్ల ఆడవాళ్లు ఎన్నేళ్లు ఎదురుచూశారో. మనిషి ఎక్కడ పడుకున్నాడో కూడా తెలియకుండా చచ్చిపోయుంటారు" అని కళ్లు తుడుచుకున్నాడు.

"చూడు మదార్" అంది సురయ్యా, "మా నాన్న పోయినప్పుడు ఈయన కంట్లో చుక్క రాలేదు. నూరేళ్ల కిందటి తుర్కుల కోసం ఏడుస్తున్నాడు."

"అది వేరు, సురయ్యా."

"అవును, మా నాన్న గుర్రమెక్కలేదు."

మదార్బీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది. పెడుతూనే అంది. "తెలుస్తుంది బాబా."

"ఏం తెలుస్తుంది, ఉమ్ హసీనా?" హసీనా తల్లీ అని, మర్యాదగా, ఫారూఖ్ ఆమెను ఎప్పుడూ అట్లాగే పిలుస్తాడు.

"ఎక్కడ పడుకున్నాడో తెలుస్తుంది. పోవడానికే వీలుపడదు." గ్లాసుల మీద ఈగ వాలితే తోలింది. "నా మొగుడు బీర్ సిద్రలో ఉన్నాడు. నిన్న దాటొచ్చినాం."

కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టే చెప్పింది. ఫారూఖ్ ఆమె వైపు చూశాడు. సురయ్యా చాప మీద కూర్చోబోతున్నదల్లా కూర్చోలేదు.

"నీ మొగుడా? హింద్‌లో కాదా?"

"కాదు మామా. ట్యాంకరు నడిపేవాడు. బండి తిరగబడింది. నేను మీ ఇంటికి వచ్చే ముందటేడు."

"ఇన్నేళ్లు మా ఇంట్లో ఉన్నావు" అన్నాడు ఫారూఖ్. "ఇన్నేళ్లు! నిన్న పక్కనుంచే పోయాం. నిన్నయినా ఎందుకు చెప్పలేదు?"

మదార్బీ నిజంగానే ఆలోచించింది. జవాబు వెతికితే ఒక్కటే దొరికింది.

"మామా టీ అడిగింది" అంది.

ఎడారిలో గాలి ఇంజను పొట్టలోకి దూరి బయటికొచ్చే చప్పుడు వినిపించింది. ఫారూఖ్ జేబులోంచి బండి తాళాలు తీశాడు. "ఎక్కండి."

"అల్ ఉలా ఇటు కదా బాబా" అంది మదార్బీ, ఆయన బండి వెనక్కు తిప్పుతుంటే. అంత మాట్లాడే మనిషి, ఖైబర్ మళ్లీ వచ్చి వెనక్కుపోయినా కోట వైపు తల తిప్పలేదు.

సురయ్యా ముందు సీటు వదిలి వచ్చి మదార్బీ పక్కన కూర్చుంది. కొంతసేపటికి అడిగింది. "అతనికోసం ఏమన్నా తెచ్చుకున్నావా?"

"గింజలు తెచ్చినా. మా ఊళ్లో సమాధి మీద చల్లుతారు. ఇక్కడ కూడదంటారు, నాకు తెలుసు."

"ఏ గింజలు?" అని, అడుగుతూ అడుగుతూనే సురయ్యాకు తెలిసిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేను షర్బతు చేసేశాను."

"చల్లగా ఉండె మామా. బాగుండె."

సురయ్యా లేచి, తొట్టిలో ఉన్న జగ్గు తీసి చూసింది. అడుగున నాలుగు గుక్కల షర్బతు, అందులో గింజలు. దాన్ని తెచ్చి ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. గతుకులొచ్చినప్పుడల్లా పైన అరచేయి మూసింది. మదార్బీ ఇవ్వమన్నా ఇవ్వలేదు. తన పని ఇంకొకరు చేస్తుంటే చూస్తూ కూర్చోవడం మదార్బీకి అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల కింద పెట్టుకుంది.

బీర్ సిద్ర చేరేసరికి పొద్దు వాలింది. మోకాలెత్తు గోడకు ఇనుప గేటు. కావలివాడు లేడు. ఫారూఖ్ గేటు తీశాడు. మదార్బీ గోడకు ఇవతలే ఆగిపోయింది. ఉహద్‌లో నేర్చుకున్నదే, ఇంతవరకే.

ఆమెకు వచ్చినదంతా చదివింది. ఫాతెహా తప్పు లేకుండా చదువుతుంది. జెద్దాలో పుట్టినవాళ్లకంటే స్పష్టంగా చదువుతావని సురయ్యా ఎన్నోసార్లు అంది. పెదవులు తమ పని తాము చేసుకుపోయాయి. కళ్లు రాళ్లను చూశాయి. తలకాడ రాయి, కాళ్లకాడ రాయి. అన్నీ ఒకటే. తుమ్మచెట్టు లేదు. అది ఉండిన చోట మొద్దయినా లేదు.

సురయ్యా గోడ మీదుగా ఫారూఖ్‌కు జగ్గు అందించింది. "నీళ్లు పోయడానికి తప్పేం లేదు. పోయి పోసిరా."

"ఇందులో చక్కెరుంది" అన్నాడు ఫారూఖ్.

"పోయి పోసిరా అంటున్నాను కదా!"

ఫారూఖ్ జగ్గు పట్టుకుని రాళ్ల నడుమకు పోయాడు. రెండు వరసలు దాటి ఆగి, వెనక్కు తిరిగాడు. బద్ర్‌లో ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఖైబర్ కోట తలుపు ఏ చేత్తో ఊడిందో కళ్లకు కట్టినట్టు చెప్పిన మనిషి, అక్కడ జగ్గు పట్టుకుని నిలబడి, చిన్నపిల్లవాడిలాగ అడిగాడు.

"ఏది, ఉమ్ హసీనా?"

మదార్బీ చూసింది. ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. ఇందులో ఒక రాయి దగ్గరికి తన కళ్లు వాటంతటవే పోతాయని ఇన్నేళ్లూ ఎక్కడో నమ్ముతూ వచ్చింది. కళ్లు ఎక్కడికీ పోలేదు.

"ఏదైనా పోయండి బాబా" అంది.

ఆయన ఏదో ఒకదాని మీద పోయలేకపోయాడు. జగ్గు వంచి, ఒక రాయి దగ్గర ఒక చుక్క, పక్క రాయి దగ్గర ఒక చుక్క, అట్లా వరస వెంబడి వంగుకుంటూ పోయాడు. మోకాళ్లు నొప్పి పుడుతున్నాయని ఆయన నడకలో తెలుస్తోంది. వరస పూర్తి కాకముందే జగ్గు ఖాళీ అయింది. అయినా మిగతా రాళ్ల దగ్గర కూడా వంచుకుంటూ చివరిదాకా పోయి వచ్చాడు.

"పోదామా?" అన్నాడు గేటు మూస్తూ. మగ్రిబ్ నమాజు వేళవుతోంది.

మదార్బీ నోరు తెరిచింది. "ఇంకొంచెం సేపు నిలుపుతారా బాబా?"

ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమె అడిగిన మొదటి మాట అది. సురయ్యాకు తెలిసింది. ఫారూఖ్‌కూ తెలిసింది. ఆయన మసీదు వైపు తిరిగి, "నువ్వు పోదామనేదాకా బండి కదలదు" అని నమాజుకు పోయాడు. సురయ్యా బండిలోకి పోయి నమాజుకు చాప పరుచుకుంది.

మదార్బీకి కొంచెం సేపు దొరికింది. అందులో ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. నిలబడింది. గోడ మీది మట్టి కొంగుతో తుడిచింది. ఆ గోడ తుడిస్తే పోయే మట్టి కాదు, గోడే మట్టి. ఆపేసింది. పెట్రోలు బంకులో దీపాలు వెలిగాయి. లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ఫారూఖ్ గోడ మీద పెట్టిపోయిన జగ్గులోకి చూస్తే అడుగున రెండు మూడు గింజలు అతుక్కుని ఉన్నాయి. వేలితో తీసి గోడ మొదట్లో, ఇవతలి పక్క, మట్టిలోకి నొక్కింది. మొలవవని తెలుసు.

ఫోను మోగింది.

"మా" అంది హసీనా. నిన్నటి కోపం గొంతులో లేదు. "యాడున్నావు?"

"మీ నాయిన కాడ."

"నిజంగానా? నిలిపినారా? అడిగినావా?"

"అడిగినా."

"ఏమని అడిగినావు మా?"

"ఇంకొంచెం సేపు ఉండమని."

హసీనా ఏడ్చింది. వెక్కి వెక్కి, చిన్నప్పుడు ఏడ్చినట్టు. మదార్బీ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని విన్నది. తన తరఫున కూడా అదే ఏడుస్తోందిలే అనుకుంది. రాళ్ల మీద చీకటి పడి, ఏ రాయి ఎక్కడుందో తెలియకుండా పోయేదాకా నిలబడింది. తర్వాత చెప్పులు దులుపుకుని బండి ఎక్కి, జగ్గు కడిగి బోర్లించి, రాత్రికి బియ్యం నానేసింది.